పాత రౌటరు, కొత్త తాళం

మన పత్రిక వచ్చే ఇళ్లలో సెలవు రోజు పొద్దున్నే ఫోను మోగడం కొత్తేమీ కాదు. “సిస్టమ్స్ రావడం లేదట” అని ఒక ముక్క అనేసి, సగం తిన్న ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టి, భర్తో భార్యో కొడుకో బ్రాంచికి బయల్దేరతారు. రాత్రి తిరిగొచ్చాక ఏమైందని అడిగితే “ఏదో నెట్‌వర్క్ ప్రాబ్లమ్” అంటారు. అడిగినవాళ్లకు అర్థం కాదని కాదు, చెప్పేవాళ్లకు ఓపిక మిగలదు. ఈసారి ఆ ‘ఏదో’ను కాస్త విప్పి చెబుదామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. నేను ఇంజనీరును కాను. ఎంబీఏ చదివి ఆఫీసరుగా చేరి, చాలా ఏళ్లు లోన్ల ఫైళ్ల మధ్యే గడిపాను. జోనల్ ఆఫీసు ఐటీ విభాగంలో వేశాక నెట్‌వర్క్ పని నేర్చుకున్నాను. కాబట్టి నాకు అర్థమైన తీరులోనే చెబుతాను. బ్రాంచి పేరు, పరికరాల పేర్లు మాత్రం చెప్పను. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

అది నెలలో మొదటి పనిదినం, సోమవారం. ఏజెన్సీ ప్రాంతంలోని ఒక బ్రాంచి నుంచి పదీ నలభైకి ఫోను వచ్చింది. మేనేజరుగారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఊరికే కంగారుపడే రకం కాదు. “మేడమ్, లైను లేదు. రౌటరు మీద లైట్లన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. బయట పెన్షన్ వాళ్లు కూర్చున్నారు. కొందరు మొదటి బస్సెక్కి వచ్చారు, తిరుగు బస్సు మళ్లీ రెండింటికే” అన్నారు.

రౌటరంటే బ్రాంచిలోని కంప్యూటర్లకూ బయటి నెట్‌వర్క్‌కూ మధ్య కూర్చుని, ఏ సమాచారం ఏ దారిన పోవాలో తేల్చే పెట్టె. ఆ బ్రాంచికి రెండు దారులున్నాయి. ఒకటి లీజ్డ్ లైను, రెండోది డాబా మీది వీశాట్ గొడుగు. మొదటిది తెగితే రౌటరు తనంతట తానే రెండోదానికి మారాలి. ఆ రోజు చిక్కేమిటంటే లైను పూర్తిగా తెగలేదు. దగ్గరి ఎక్స్ఛేంజి దాకా బాగానే ఉంది, ఆ పైన ఎక్కడో ఆగిపోయింది. రౌటరుకు తన ఒంటికి తగిలి ఉన్న వైరు ఒక్కటే తెలుసు. లైటు పచ్చగా ఉంది కదా అని ఆ దారినే పట్టుకుని కూర్చుంది. ఎవరో ఒకరు లోపలికి వెళ్లి, ఆ దారి వదిలెయ్యమని దానికి చెప్పాలి.

మామూలు రోజుల్లో ఇది రెండు నిమిషాల పని. మా ఆఫీసులో దీనికోసమే ఒక సర్వరుంది. అందులోంచి వీశాట్ దారిన ఆ రౌటర్లోకి లాగిన్ అయి, ఒక ఆదేశం ఇస్తే సరిపోతుంది. ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మనం కొట్టిన అక్షరం అరసెకను దాటాక గానీ తెర మీద కనిపించదు. అంతకుమించి ఇబ్బంది ఉండదు.

ఆ రోజు మాత్రం లాగిన్ కాలేదు. పాస్‌వర్డ్ అడిగే దాకా కూడా రాలేదు. తెర మీద ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. దాని సారాంశం ఇది: ‘అవతలి యంత్రంతో ఒప్పందం కుదరలేదు. తాళం చెవి తయారుచేసే పద్ధతుల్లో ఇద్దరికీ కలిసినది ఒక్కటీ లేదు. అవతలివాళ్లు ఇస్తామన్నది ఇదీ’ అని చివర ఒక పొడుగాటి పేరు: డిఫీ-హెల్మన్-గ్రూప్1-షా1.

శనివారం రాత్రి దాకా అదే రౌటరు, అదే పాస్‌వర్డు, అదే సర్వరు. మారింది ఒక్కటే. ఆదివారం మా సర్వరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. వేశాక ఐదారు రౌటర్లలోకి వెళ్లి చూసి, అంతా బాగుందని సంతకం పెట్టింది నేనే. ఆ ఐదారూ కొత్తవి. పాతది ఒక్కటి కూడా చూడలేదు.

ఇంతలో మా విభాగంలోని కుర్రాడు ఇంకో దారి కనిపెట్టాడు. “మేడమ్, ఈ రౌటర్లో టెల్నెట్ ఇంకా తెరిచే ఉంది. అటునుంచి వెళ్లిపోదాం, రెండు నిమిషాలు” అన్నాడు.

టెల్నెట్ ఎందుకు వద్దన్నాను

ఒక కంప్యూటరు ముందు కూర్చుని, దూరంగా ఉన్న ఇంకో కంప్యూటర్లో పని చేసే ఏర్పాటు 1969 నుంచే ఉంది. దాని పేరే టెల్నెట్. అప్పట్లో ఆ నెట్‌వర్కులో ఉన్నవాళ్లు కొన్ని విశ్వవిద్యాలయాల వాళ్లే, ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకని టెల్నెట్‌లో దాపరికం లేదు. మీరు కొట్టే పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టే పోతుంది. దారిలో ఉన్న ఎవరైనా చదువుకోవచ్చు.

1995లో ఫిన్లాండులోని హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో సరిగ్గా అదే జరిగింది. ఎవరో నెట్‌వర్క్ మీద చెవి పెట్టి, పోతున్న పాస్‌వర్డులన్నీ పోగుచేసుకున్నారు. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దానికి విరుగుడుగా ఒక ప్రోగ్రామ్ రాశాడు. మాట మొదలయ్యే ముందే రెండు యంత్రాలూ ఒక రహస్య తాళం తయారుచేసుకుని, ఆ తరవాత ప్రతి అక్షరాన్నీ ఆ తాళం వేసే పంపుకుంటాయి. అదే సెక్యూర్ షెల్, పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్. కంప్యూటర్లో ఒక్కో సేవకు ఒక్కో గుమ్మం నంబరుంటుంది. ఫైళ్లు పంపేదానికి 21, టెల్నెట్‌కు 23. మధ్యలో 22 ఖాళీగా ఉంటే దాన్ని ఇమ్మని అడిగి తీసుకున్నాడాయన. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ సర్వర్లనో రౌటర్లనో దూరం నుంచి చూసుకోవాలన్నా ఎక్కువగా ఆ 22వ గుమ్మంలోంచే వెళ్తారు.

మా కుర్రాడు చూపించింది 23వ గుమ్మం. అది మూసి ఉండాల్సింది, మూయలేదు. అందులోంచి వెళ్తే పని అయిపోతుంది, నిజమే. కానీ మా పాస్‌వర్డు ఆ ఒక్క రౌటరుది కాదు. జోన్‌లో మేం చూసే రౌటర్లన్నిటికీ లోపలికి వెళ్లే అనుమతి దాని మీదే ఉంటుంది. ఒక బ్రాంచి కోసం దాన్ని దారిలో అందరికీ వినిపించేలా చదవడానికి నాకు మనసొప్పలేదు. అట్లాగని అవతల బెంచీల మీద కూర్చున్నవాళ్ల ముఖాలూ కళ్లముందు నుంచి పోలేదు. ఓ ఐదు నిమిషాలు ఏమీ తోచలేదంటే అబద్ధం కాదు.

చివరికి ఆలోచన తట్టింది మేనేజరుగారికే. “మేడమ్, ఆ లైను పోతే ఇది గొడుక్కి మారుతుందంటారు కదా. ఆ వైరు పీకేస్తే పోయినట్టే కదా?” అన్నారు.

అంతే కదా! ఎన్నో నంబరు రంధ్రంలోని నీలం వైరో ఫోన్లో రెండుసార్లు చెప్పించుకుని పీకమన్నాం. పచ్చలైటు ఆరింది. నిమిషం తిరిగేలోపు వీశాట్ దారి తెరుచుకుంది. మెల్లగానే అయినా కౌంటర్లు నడిచాయి, రెండింటి బస్సు ఎవరికీ తప్పలేదు.

అలా తొందర తీరింది. లాగిన్ సమస్య మాత్రం అలాగే ఉంది. అప్పుడు తీరిగ్గా కూర్చుని చూశాం.

రౌటరు పాడు కాలేదు

దీన్ని బ్యాంకు కుటుంబాలకు చెప్పడం నిజానికి సులువు. సీటీఎస్ చెక్కుల సంగతి గుర్తుందా? 2010 ప్రమాణం ప్రకారం చెక్కు కాగితంలోనే ‘సీటీఎస్ ఇండియా’ అనే నీటిగుర్తు ఉండాలన్నారు. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే బ్యాంకు ముద్ర లాంటివి ఇంకా కొన్ని కావాలన్నారు. చెక్కును బొమ్మ తీసి పంపే పద్ధతి వచ్చాక, కాగితాన్ని చేత్తో పట్టుకుని చూసే అవకాశం పోయింది కాబట్టి ఆ రక్షణలు అవసరమయ్యాయి. పాత చెక్కు పుస్తకం ఉన్న ఖాతాదారు ఏ తప్పూ చేయలేదు. ఖాతాలో డబ్బుంది, సంతకం సరిగ్గానే ఉంది. అయినా అవతలి బ్యాంకు ఆ కాగితాన్ని మామూలు క్లియరింగులో తీసుకోదు.

మా రౌటరుదీ అదే కథ. దానికేమీ జబ్బు చేయలేదు. అది తెచ్చిన కాగితాన్ని కొత్త సర్వరు తీసుకోనంటోంది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో రెండు యంత్రాలు పలకరించుకోగానే చేసే పని, తమకు తెలిసిన పద్ధతుల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవడం. రహస్య చెవి తయారుచేసే పద్ధతులు, నేను నేనే అని రుజువు చేసుకునే సంతకం పద్ధతులు, అసలు మాటలకు వేసే తాళాలు, దారిలో ఎవరూ మార్చలేదని చూసుకునే ముద్రలు, ఇలా ఒక్కోదానికీ ఒక్కో జాబితా. ఏ యంత్రం తలుపు తడుతోందో దాని జాబితాను పైనుంచి చదువుకుంటూ వచ్చి, అవతలివారి దగ్గరా ఉన్న మొదటిదాన్ని ఖాయం చేసుకుంటారు. పెళ్లిచూపులకు ముందు ఇరువైపులా ముహూర్తాలు చూసుకున్నట్టు. ఒక్క తేదీ కలవకపోయినా సంబంధం అక్కడితో ఆగిపోతుంది.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ తన జాబితాలోంచి కొన్ని పాత పద్ధతులను పక్కన పెట్టింది. ఎందుకు పెట్టిందో తెలిస్తే దాని మీద కోపం రాదు.

ఆ పొడుగాటి పేరులో మొదటి రెండూ మనుషుల పేర్లు. విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు అమెరికన్లు 1976లో ఒక వింత ప్రకటించారు. అందరూ వింటుండగా మాట్లాడుకుంటూనే ఇద్దరు వ్యక్తులు ఒక రహస్యాన్ని తయారుచేసుకోవచ్చని. నమ్మశక్యంగా లేదు కదా? ఇంట్లో పిల్లలుంటే కాగితం తెమ్మనండి.

2, 11 అనే రెండు అంకెలు అందరికీ తెలిసినవే అనుకుందాం. నేను మనసులో 4 అనుకున్నాను. 2ను నాలుగుసార్లు వేసి గుణిస్తే 16, దాన్ని 11తో భాగిస్తే శేషం 5. ఆ 5ను గట్టిగా చెబుతాను. మీరు మనసులో 3 అనుకున్నారు. 2ను మూడుసార్లు వేసి గుణిస్తే 8, 11తో భాగించినా శేషం 8 మాత్రమే. మీరు 8 అని గట్టిగా చెబుతారు. ఇప్పుడు మీ 8ని నేను నా రహస్యం ప్రకారం నాలుగుసార్లు వేసి గుణిస్తాను. 4096 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 4. నా 5ను మీరు మీ రహస్యం ప్రకారం మూడుసార్లు గుణిస్తే 125. 11తో భాగిస్తే శేషం 4. ఇద్దరికీ 4 వచ్చింది! పక్కన నిలబడి విన్నవాడికి 2, 11, 5, 8 తెలుసు గానీ మన 4 ఎవరూ పైకి అనలేదు.

11 చిన్నది కాబట్టి వాడు ఒక్కో అంకే వేసి చూసి కనిపెట్టేస్తాడు. అందుకని అసలు యంత్రాల్లో ఆ 11 స్థానంలో బ్రహ్మాండమైన సంఖ్య పెడతారు. గ్రూప్1 పద్ధతిలో అది 1024 బిట్లది. మన లెక్కలో రాస్తే 309 అంకెలు. ఇంతటిదాన్ని ఎవరు ఛేదిస్తారు అనుకున్నారు అప్పట్లో.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ 309 అంకెల సంఖ్య ప్రపంచంలో గ్రూప్1 వాడే యంత్రాలన్నిటికీ ఒక్కటే. 2015లో ‘లాగ్‌జామ్’ పేరుతో కొందరు పరిశోధకులు చూపించింది ఇదే. ఛేదించే పనిలో బరువైన భాగమంతా ఆ సంఖ్య మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కష్టం ఒక్కసారి పడ్డవాడు, దాన్ని వాడుకునే సంభాషణల్ని తరవాత ఒక్కొక్కటిగా సులువుగా విప్పుకోవచ్చు. 1024 బిట్ల సంఖ్య మీద ఆ మొదటి కష్టం పడగల స్తోమత పెద్ద దేశాల ప్రభుత్వాలకు ఉండవచ్చని వాళ్లు లెక్కగట్టారు. ఊరంతటికీ ఒకే కంపెనీ తాళం, ఒకే నమూనా చెవి అన్నమాట. ఆ ఏడాదే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ గ్రూప్1ను మామూలు జాబితాలోంచి తీసింది. గ్రూప్14 లాంటి కొత్తవాటిలో సంఖ్య 2048 బిట్లు, అంటే 617 అంకెలు. రెట్టింపు అంకెలంటే రెట్టింపు కష్టం కాదు, అంతకు ఎన్నో లక్షల రెట్లు.

పేరులో చివరి ముక్క షా1. ఎంత పెద్ద కాగితాన్నైనా పిండి 160 బిట్ల చిన్న ముద్రగా మార్చే సూత్రం అది, 1995 నాటిది. రెండు వేర్వేరు కాగితాలకు ఒకే ముద్ర రాకూడదన్నదే దాని ప్రాణం. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత పరిశోధనా సంస్థవారూ గూగుల్ వారూ కలిసి, వేర్వేరు విషయాలున్న రెండు ఫైళ్లకు అదే ముద్ర రప్పించి చూపించారు. ఇద్దరు మనుషులకు ఒకే వేలిముద్ర ఉన్నట్టు తేలితే రిజిస్ట్రారు ఆఫీసు గతేమిటో ఊహించుకోండి. దాంతో షా1 మీద ఆధారపడ్డ ఆర్‌ఎస్‌ఏ సంతకాన్ని కూడా 2021లో పక్కన పెట్టేశారు.

ఇక్కడ ‘పక్కన పెట్టారు’ అనే మాట గమనించండి, పీకి పారేయలేదు. కావాలని అడిగితే ఇస్తుంది, అడక్కపోతే చూపించదు. పాత చెక్కుల విషయంలోనూ రిజర్వు బ్యాంకు ఇలాగే చేసింది. ఒక్కరోజులో చెల్లవనలేదు. వాటికి విడిగా క్లియరింగు పెట్టి, ఆ రోజుల్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, 2018 చివరికి పూర్తిగా ఆపింది. ఎస్‌ఎస్‌హెచ్‌లోనూ పాత డీఎస్‌ఏ సంతకాన్ని 2015లో పక్కన పెట్టారు, 2025లో ప్రోగ్రామ్ లోంచే తీసేశారు. మధ్యలో పదేళ్లు మనకిచ్చిన గడువు. ఆ గడువులో మనం ఏం చేశాం అన్నదే అసలు ప్రశ్న. మా జోన్ వరకు నా దగ్గర గర్వంగా చెప్పుకునే జవాబు లేదు.

నక్షత్రం

ఇక మరమ్మతు. సర్వర్లో ఒక సెట్టింగుల ఫైలుంటుంది. అందులో ఫలానా చిరునామాకు వెళ్లేటప్పుడు మాత్రం ఈ పాత పద్ధతిని కూడా ఒప్పుకో అని రాయవచ్చు. పద్ధతి పేరుకు ముందు ప్లస్ గుర్తు పెట్టాలి. పెడితే కొత్త జాబితా అలాగే ఉండి, చివర ఇది చేరుతుంది. ప్లస్ మరిచిపోతే జాబితా అంతా పోయి పాతదొక్కటే మిగులుతుంది. ఇంత చిన్న గుర్తులో ఇంత తేడా ఉంది.

రాశాం. మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి వేరే అభ్యంతరం: సంతకం పద్ధతి కలవలేదు. అదీ చేర్చాం. ఇప్పుడు అసలు తాళం కలవలేదంది. కౌంటర్లో ఒక కాగితం ఇస్తే ఇంకో కాగితం అడిగినట్టు ఒక్కొక్కటే బయటపెడుతుంది. మూడోది చేర్చాక పాస్‌వర్డ్ అడిగింది. సాయంత్రం ఐదైంది. ఇంకా అలాంటి రౌటర్లు చాలానే ఉన్నాయని అప్పటికి తెలిసింది.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఒక్కో రౌటరుకు ఒక్కో పేరా రాయాలి. అలసట ఒకపక్క, పొద్దున్నే మళ్లీ ఎక్కడ ఏ లైను పోతుందోనన్న భయం ఇంకోపక్క. చిరునామా రాయాల్సిన చోట నక్షత్రం గుర్తు పెట్టమన్నాను. నక్షత్రమంటే ‘అందరికీ’ అని అర్థం. “తాత్కాలికంగా పెడదాం, వచ్చే వారం విడదీద్దాం” అన్నాను కూడా. ఒక్క గీతతో అన్ని రౌటర్లూ తెరుచుకున్నాయి. అందరం టీ తాగి ఇళ్లకు వెళ్లాం.

ఆ వచ్చే వారం మూడు నెలలు రాలేదు. ఐఎస్ ఆడిట్‌కు వచ్చిన అధికారి ఆ ఫైలు తెరిచి, నక్షత్రం దగ్గర వేలు పెట్టి అడిగారు: “ఇది దేనికి?” పాత రౌటర్లకని చెప్పాను. “మరి కొత్త ఫైర్‌వాల్‌కు కూడా వర్తిస్తోందే?” అన్నారు. అప్పుడు గానీ నా తలకెక్కలేదు. కొత్త పరికరాలతో మామూలుగా మంచి పద్ధతే ఖాయమవుతుంది, నిజమే. కానీ ఎవడైనా మధ్యలో దూరి, ఫైర్‌వాల్ వేషం వేసి, ‘నాకు పాత పద్ధతి ఒక్కటే వచ్చు’ అంటే? మా సర్వరు కాదనాల్సింది పోయి, సరేనని బలహీనమైన తాళానికి ఒప్పుకుంటుంది. ఏ అనుమానాన్ని పుట్టించడానికి ఆ కొత్త వెర్షన్ వచ్చిందో, ఆ అనుమానాన్ని నేను నా చేత్తో తీసేశాను.

టెల్నెట్ వద్దని పొద్దున్న అంత గట్టిగా చెప్పినదాన్ని, సాయంత్రానికి ఆ పని చేశాను. పొద్దున్న బెంచీల మీద మనుషులున్నారు కాబట్టి జాగ్రత్తగా ఆలోచించాను. సాయంత్రం ఎదురుగా ఎవరూ లేరు.

ఆడిట్ నివేదికలో అది ఎక్కింది, ఎక్కాల్సిందే. నక్షత్రం తీసేసి రౌటర్ల వారీగా పేరాలు రాశాం. ప్రతి పేరా మీదా ఆ పరికరం ఎప్పుడు మారుస్తామో తేదీ వేశాం. తేదీ లేని మినహాయింపు మినహాయింపు కాదని ఆ అధికారి అన్నమాట మా గోడ మీద లేదు గానీ నాకు గుర్తుంది. అంతకు ముందు మా దగ్గర ఏ రౌటరు ఎన్నేళ్లదో తెలిపే సరైన జాబితానే లేదు. 2016 జూన్‌లో సైబర్ భద్రత మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్లో, కనీసం చేయాల్సిన పనుల్లో మొదటిది ఆస్తుల జాబితా. అప్పుడు చదివితే గుమాస్తా పనిలా అనిపించింది.

పేరాలు రాస్తుండగా రౌటర్లు మూడు రకాలుగా తేలాయి. కొన్నిటికి కొత్త పద్ధతులు వచ్చు, ఎవరూ వాడమనలేదంతే. లోపలికి వెళ్లి 2048 బిట్ల కొత్త ఆర్‌ఎస్‌ఏ చెవి పుట్టించి, గ్రూప్14కు తగ్గితే ఒప్పుకోవద్దని చెబితే సరిపోయింది. పనిలో పనిగా ఆ 23వ గుమ్మానికి గడియ వేశాం. పాత రౌటరు బుర్ర చిన్నది కాబట్టి చెవి పుట్టించడానికి నిమిషాలు పట్టింది. ఆ సేపూ అది చచ్చిపోయిందేమోనని బ్రాంచివాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కొన్నిటికి తయారీదారు ఇచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాల్సి వచ్చింది. మిగిలినవి ఎక్కించుకోవడానికి జ్ఞాపకశక్తి చాలనివి. వాటికి తయారీదారు మద్దతు కూడా ఏనాడో ఆగిపోయింది. వాటిని మార్చడం తప్ప దారి లేదు.

రెండిటి విషయంలో ఏ మినహాయింపూ పని చేయలేదు. వాటి ఆర్‌ఎస్‌ఏ చెవి 768 బిట్లది. 1024కు తక్కువైన చెవిని ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ ఎంత బతిమాలినా ముట్టుకోదు. మనిషిని పంపి, కన్సోల్ కేబుల్ పెట్టి అక్కడే కొత్త చెవి పుట్టించాం. చెవి మారగానే మా సర్వరు తెర నిండా పెద్ద హెచ్చరిక చూపించింది, అవతలివారి గుర్తింపు మారింది, ఎవరో మోసం చేస్తుండవచ్చు అని. ఇలాంటప్పుడు పాత గుర్తింపు చెరిపేసి ముందుకెళ్లడం అందరికీ అలవాటు. అలా కాకుండా, అక్కడున్న మనిషి తన తెర మీది కొత్త గుర్తును ఫోన్లో చదివితే, ఇక్కడ మేం అక్షరం అక్షరం సరిచూసుకున్నాం. గంట పట్టింది. విసుగే, కాదనను.

ఇంకో కిటుకు చాలా ఆఫీసుల్లో ఉంది. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను బీరువాలో దాచుకుని, పాత రౌటర్లకు దాన్ని వాడుతుంటారు. మా దగ్గరా ఒకటి దొరికింది. ఏళ్ల తరబడి ఏ భద్రతా అప్‌డేటూ ఎరగని యంత్రాన్ని బ్యాంకు రౌటర్లలోకి పంపడం కంటే, తేదీ వేసిన మినహాయింపే నయమని నా అభిప్రాయం. కొందరు సహోద్యోగులు ఇప్పటికీ ఒప్పుకోరు.

పాత పెట్టెలు మార్చమంటే ఖర్చు గుర్తొస్తుంది, పని చేస్తోంది కదా అంటారు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి దొంగలు 8.1 కోట్ల డాలర్లు తరలించుకుపోయారు. అంతర్జాతీయ చెల్లింపుల కంప్యూటర్లున్న ఆ నెట్‌వర్కులో ఫైర్‌వాల్ లేదనీ, పది డాలర్ల సెకండ్‌హ్యాండ్ స్విచ్చులు వాడారనీ అక్కడి దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆ స్విచ్చులూ ఆ ముందురోజు దాకా పని చేస్తూనే ఉండి ఉంటాయి.

ఇదంతా ఆఫీసు గొడవ అనుకోకండి, మీ ఇంట్లోనూ ఉంది. మా అత్తయ్యగారి పాత ట్యాబ్లెట్లో కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవడం మానేశాయి. “నేనేం నొక్కలేదమ్మా” అని ఆవిడ బెంగ. ఆవిడ ఏమీ చేయలేదు. వెబ్‌సైట్లకూ మన బ్రౌజరుకూ మధ్య తాళం వేసే టీఎల్‌ఎస్ పద్ధతిలో పాత 1.0, 1.1 వెర్షన్లను ప్రధాన బ్రౌజర్లు 2020లో ఆపేశాయి. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లూ వాటిని ఒప్పుకోవడం లేదు. ట్యాబ్లెట్‌కు ఆ పాతవే వచ్చు. మన రౌటరు కథే. ఇలాంటప్పుడు “సెట్టింగ్స్‌లో ఫలానాది తీసేస్తే తెరుచుకుంటుంది” అని ఎవరైనా సలహా ఇస్తే, తీసేది ఏమిటో, ఎన్నాళ్లకో అడగండి. ఆవిడ ట్యాబ్లెట్లో పాటలు వింటున్నారు, బ్యాంకు పని ఫోన్లో చూసుకుంటున్నారు.

ఈ వ్యాసం రాసే నాటికి మా ఫైల్లో నాలుగు పేరాలు మిగిలాయి. నాలుగింటి మీదా తేదీలున్నాయి. ఒకటి దాటింది, టెండరు కాగితాల మధ్య ఉంది, దాని గురించి ప్రతి సోమవారం నేను జవాబు చెప్పుకుంటున్నాను. ఏజెన్సీ బ్రాంచి పేరా మాత్రం చెరిపేశాం. అక్కడ కొత్త రౌటరు పెట్టారు. పచ్చలైటు వెలుగుతున్నా లైను అవతల నిజంగా పలుకుతోందో లేదో అదే చూసుకుంటుంది, పలక్కపోతే తనే వీశాట్‌కు మారుతుంది. మేనేజరుగారు మాత్రం రిటైరయ్యే ముందు ఒక చీటీ రాసి ఆ పెట్టె మీద అంటించి వెళ్లారట. లైట్లు వెలుగుతున్నా లైను లేకపోతే నీలం వైరు పీకాలని, ముందు జోనల్ ఆఫీసుకు ఫోను చేయాలని.